సీప్యాప్ పడటం లేదంటే తప్పు ఎక్కడుంది? మాస్క్, ప్రెషర్, సెట్టింగుల లెక్క

స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోయే జబ్బు) ఉందని తేలాక, మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ మెషిన్ తెచ్చుకున్నవాళ్లలో చాలామంది కొద్ది వారాలకే దాన్ని అటకెక్కిస్తారు. ఏమైందంటే "నాకు పడలేదు" అంటారు. కాస్త గుచ్చి అడిగితే ఒక్కొక్కరి ఇబ్బంది ఒక్కో రకంగా ఉంటుంది. ఒకరికి మాస్క్ పెట్టగానే ఊపిరాడనట్టు అనిపిస్తుంది. ఇంకొకరికి తెల్లారేసరికి నోరు పిడచకట్టుకుపోతుంది. మరొకరికి పొట్ట ఉబ్బి త్రేన్పులు ఆగవు. కళ్లలోకి గాలి కొట్టేవాళ్లు, ముక్కు దూలం మీద పుండు పడినవాళ్లు, అన్నీ బాగానే ఉన్నా పగలు మత్తు వదలనివాళ్లు వేరే. ఇవన్నీ ఒకే జబ్బు కాదు. ఒక్కోదానికి విరుగుడు మెషిన్‌లో ఒక్కో చోట ఉంటుంది. వీటిలో ఎక్కువభాగం సెట్టింగులు ఆ మనిషికి తగ్గట్టు పెట్టకపోవడం వల్ల వచ్చేవే.

సరిచేసుకోవడానికి ఒక వరస ఉంది. ముందు మాస్క్, తర్వాత కనీస ప్రెషర్, ఆ తర్వాత ప్రెషర్‌ను మెల్లగా పెంచే ర్యాంప్ లాంటి సౌకర్యాలు, చివర్లో రిపోర్టులోని అంకెలు. జనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. పొద్దున్నే తెర మీద కనిపించే, గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో తగ్గిందో చెప్పే ఏహెచ్‌ఐ అంకె చూసి కంగారుపడి నేరుగా ప్రెషర్ మీద పడతారు. మాస్క్ కారుతున్నంతకాలం ఆ అంకెను నమ్మడానికే వీల్లేదు.

గాలి చేసే పని ఏమిటి

నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. నాలుక వెనక్కి జారుతుంది. దారి ఇరుకైతే గురక, పూర్తిగా మూసుకుపోతే ఆప్నియా. గాలి కనీసం 10 సెకన్లు ఆగితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. పూర్తిగా ఆగకపోయినా ప్రవాహం 30 శాతమో అంతకన్నా ఎక్కువో తగ్గి, దాంతోపాటు రక్తంలో ఆక్సిజన్ పడిపోవడమో మెదడు ఉలిక్కిపడటమో జరిగితే అది హైపోప్నియా. ఈ రెండూ కలిపి గంటకు ఎన్నిసార్లు వస్తున్నాయో చెప్పేదే ఏహెచ్‌ఐ. 5 నుంచి 15 లోపు ఉంటే తక్కువ తీవ్రత, 15 నుంచి 30 వరకు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

1980లో సిడ్నీలో డాక్టర్ కాలిన్ సల్లివన్ మొదటిసారి ఒక రోగి ముక్కులోకి బ్లోయర్‌తో గాలి పంపి ఈ మూతను తెరిచి చూపించారు. మరుసటి ఏడాది అది లాన్సెట్ పత్రికలో అచ్చయింది. మెషిన్లు చిన్నవయ్యాయి, చప్పుడు తగ్గింది, సూత్రం మాత్రం అదే. ఒత్తిడితో వచ్చే గాలి గొంతు గోడలకు లోపలి నుంచి ఊతకర్రలా నిలబడుతుంది. మీ బదులు మెషిన్ ఊపిరి పీల్చదు. అందులోంచి వచ్చేది ఆక్సిజన్ కూడా కాదు, గదిలోని మామూలు గాలే. ఇది తెలియక "మెషిన్‌తో కలిసి ఊపిరి తీయాలేమో" అని తంటాలు పడేవాళ్లు ఎందరో. మీ ఊపిరి మీరు తీసుకోండి, దారి తెరిచి ఉంచడం వరకే దాని పని.

ఆ ప్రెషర్‌ను సెంటీమీటర్ల నీటి ఎత్తులో కొలుస్తారు. మామూలు సీప్యాప్ 4 నుంచి 20 సెంటీమీటర్ల దాకా ఇవ్వగలదు. రాత్రంతా ఒకే ప్రెషర్ ఇచ్చేది స్థిర సీప్యాప్. కనీసం, గరిష్ఠం అని రెండు హద్దులు పెట్టి వాటి మధ్య తనే పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోయేది ఆటో సీప్యాప్. పీల్చేటప్పుడు ఒకటి, వదిలేటప్పుడు అంతకన్నా తక్కువ ఇంకొకటి ఇచ్చేది బైప్యాప్.

మాస్క్ కుదరకపోతే మిగతా ఏదీ కుదరదు

మాస్కులు మూడు రకాలు. ముక్కు రంధ్రాల దగ్గర ఆనుకునే పిల్లోస్, ముక్కు మొత్తాన్ని కప్పే నేసల్ మాస్క్, ముక్కూ నోరూ కప్పే ఫుల్ ఫేస్. "నోరు తెరిచి నిద్రపోతాను కాబట్టి ఫుల్ ఫేస్" అనే లెక్క పైకి సబబుగానే ఉంటుంది. కానీ ఆ మాస్క్ పట్టీలు కింది దవడను వెనక్కి నొక్కుతాయి, దవడతో పాటు నాలుకా వెనక్కి పోతుంది. అందుకే ఒకే మనిషికి నేసల్ మాస్క్‌తో సరిపోయే ప్రెషర్ ఫుల్ ఫేస్‌తో చాలకపోవచ్చు. అంచు పొడవు ఎక్కువ కాబట్టి కారే చోట్లు కూడా ఎక్కువే. ముక్కు బాగా ఆడేవాళ్లు నేసల్‌తో మొదలుపెట్టడమే మేలు. ముక్కు దిబ్బడ వల్ల నోరు తెరుచుకుంటుంటే ముందు చూపించాల్సింది ముక్కును.

చాలామంది మాస్క్‌ను అద్దం ముందు కూర్చుని బిగించుకుంటారు. పడుకోగానే బుగ్గలు పక్కకు జారి ముఖం ఆకారమే మారిపోతుంది, అప్పటిదాకా కుదిరిన అంచు కాస్తా లేచిపోతుంది. సరైన పద్ధతి వేరు. ముఖం కడుక్కుని తుడుచుకోండి, క్రీములు వద్దు. మీరు నిద్రపోయే భంగిమలోనే, మీ దిండు మీదే పడుకోండి. మెషిన్‌లో మాస్క్ ఫిట్ అనే ఆప్షన్ ఉంటే నొక్కండి, అది కాసేపు ఎక్కువ ప్రెషర్ ఇచ్చి చూపిస్తుంది. పట్టీలన్నీ వదులు చేసి, మాస్క్‌ను ముఖం నుంచి ఒక వేలెడు ముందుకు లాగి, కుషన్‌లో గాలి నిండాక మెల్లగా వెనక్కి ఆనించండి. ఇప్పుడు కింది పట్టీలు రెండు పక్కలా సమానంగా, తర్వాత పై పట్టీలు, గాలి కారడం ఆగేవరకు మాత్రమే బిగించండి. పట్టీ కింద వేలు సులువుగా దూరాలి. అటూ ఇటూ పక్కకు తిరిగి మళ్లీ చూసుకోండి.

కారుతుంటే ఇంకా బిగించాలనే అనిపిస్తుంది. సిలికాన్ కుషన్ గాలితో ఉబ్బి ముఖానికి అంటుకునేలా చేసిన వస్తువు. గట్టిగా నొక్కితే ఆ పల్చటి అంచు ముడత పడుతుంది, ఆ ముడతలోంచి గాలి ఇంకా ఎక్కువ పోతుంది. ముక్కు దూలం మీద ఎర్రటి గీత పొద్దున్న అరగంటకు కూడా పోవడం లేదంటే బిగింపు ఎక్కువైందనో, సైజు తప్పనో అర్థం. కళ్లలోకి గాలి కొడుతుంటే పై అంచు లేచినట్టు. కింది పట్టీలు అతిగా బిగిస్తే పై అంచు లేస్తుంది, కాబట్టి ముందు వాటిని వదులు చేసి చూడండి. గడ్డం, మీసం ఉన్నవాళ్లకు పిల్లోస్ ఎక్కువగా కుదురుతాయి.

ప్రతి మాస్క్‌కూ కావాలని పెట్టిన సన్నటి రంధ్రాలు ఉంటాయి. మీరు వదిలిన కార్బన్ డయాక్సైడ్ బయటకు పోయేది వాటిగుండానే. చప్పుడు వస్తోందని వాటిని మూసేస్తే ప్రమాదం. ఆ గాలిని లీక్‌గా లెక్కించకూడదు. రెస్‌మెడ్ మెషిన్లు రంధ్రాల వాటా తీసేసి మిగిలిన లీక్‌నే చూపిస్తాయి, నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువన్నట్టు. ఫిలిప్స్ మెషిన్లు నమోదు చేసేది రంధ్రాల గాలితో కలిపిన మొత్తం. ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ హద్దుతో పోల్చి భయపడటం మామూలే. ఇంకో చిన్న సంగతి: కొన్ని మెషిన్లలో మాస్క్ రకం ఎంచుకునే సెట్టింగ్ ఉంటుంది. మాస్క్ మార్చి దాన్ని మార్చకపోతే మెషిన్ వేసే లీక్ లెక్క తప్పుతుంది.

పట్టీల క్లిప్పుల్లో అయస్కాంతాలు ఉన్న మాస్కులు వస్తున్నాయి. పేస్‌మేకర్ లాంటి పరికరం ఒంట్లో ఉన్నవాళ్లు, అలాంటివాళ్ల పక్కన పడుకునేవాళ్లు అయస్కాంతం లేని రకమే తీసుకోవాలి.

4 నుంచి 20: ఇది ప్రిస్క్రిప్షన్ కాదు

ఆటో మెషిన్ డబ్బాలోంచి తీసినప్పుడు కనీసం 4, గరిష్ఠం 20 అని ఉంటుంది. "ఆటో కదా, అదే చూసుకుంటుంది" అని అలాగే వదిలేస్తుంటారు. సగం ఫిర్యాదులు పుట్టేది ఇక్కడే.

4 దగ్గర పెద్దవాళ్లలో చాలామందికి గాలి చాలినట్టు ఉండదు. రంధ్రాల్లోంచి బయటకు పోయే గాలీ తక్కువే, మాస్క్ లోపల ఉక్కగా అనిపిస్తుంది. వింత ఏమిటంటే, "ప్రెషర్ ఎక్కువై ఊపిరాడట్లేదు" అని చెప్పేవాళ్లలో కొందరికి అసలు సమస్య ప్రెషర్ తక్కువ కావడం. 6 కో 7 కో పెంచగానే ప్రాణం కుదుటపడుతుంది.

రెండో సమస్య ఆటో పనిచేసే తీరులోనే ఉంది. ఆప్నియా రాబోతోందని దానికి ముందుగా తెలియదు. ప్రవాహం ఇరుకవడం, గురక, మూసుకుపోవడం, ఇవి మొదలయ్యాకే ప్రెషర్ మెట్టుమెట్టుగా పెంచుతుంది. మీ గొంతుకు 10 కావాలనుకోండి. 4 నుంచి అక్కడికి చేరేలోపు ఆప్నియాలు వస్తూనే ఉంటాయి. చేరాక కాసేపు ప్రశాంతంగా ఉంటే మెల్లగా దించుతుంది, దించగానే మళ్లీ మొదలు. రాత్రంతా ఈ తరుముడే. ఏహెచ్‌ఐ మరీ చెడ్డగా కనిపించకపోవచ్చు, కానీ నిద్ర ముక్కలవుతుంది. ఇక పై హద్దు 20 అయితే ఏదో ఒక వేళ ప్రెషర్ 16, 17 దాకా ఎగబాకుతుంది. ఆ ధాటికి మాస్క్ లేస్తుంది, మెలకువ వస్తుంది, పొట్టలోకి గాలి పోతుంది.

అందుకే వారం పది రోజులు వాడాక రిపోర్టులో రెండు అంకెలు చూడాలి. మీడియన్ ప్రెషర్ అంటే రాత్రిలో సగం సమయం అంతకు లోపే ఉన్నట్టు. 95 శాతం ప్రెషర్ అంటే రాత్రిలో 95 శాతం సమయం అంతకు మించనట్టు (ఫిలిప్స్ రిపోర్టుల్లో ఇది 90 శాతం). ఉదాహరణకు మీడియన్ 8.6, 95 శాతం 11.2 అని ఉండి, లీక్ అదుపులో ఉంటే, క్రమంగా కనీసాన్ని 8 దగ్గరికి, గరిష్ఠాన్ని 13 దగ్గరికి చేర్చడం సబబైన గమ్యం. మార్పు ఒక్కసారికి అర సెంటీమీటరో, ఒకటో. మార్చాక కనీసం నాలుగైదు రాత్రులు ఆగి చూడాలి, ఒక్క రాత్రి ఏమీ చెప్పదు. ఒకేసారి రెండు సెట్టింగులు మారిస్తే మేలు దేనివల్ల జరిగిందో, కీడు దేనివల్ల జరిగిందో తేలదు.

ప్రెషర్ హద్దులు మెషిన్‌లో డాక్టర్ల కోసం ఉంచిన మెనూలో ఉంటాయి, ప్రిస్క్రిప్షన్‌లో భాగం. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవాళ్లు సొంతంగా ముట్టుకోవద్దు. మిగతావాళ్లు కూడా "బాగోలేదు డాక్టరుగారూ" అనడం కన్నా "కనీసం 4 దగ్గర ఊపిరి చాలడం లేదు, 95 శాతం ప్రెషర్ 11 చూపిస్తోంది, కనీసం పెంచుతారా?" అని అడిగితే పని త్వరగా అవుతుంది. చాలా మెషిన్లకు ఆసుపత్రి నుంచే దూరంగా మార్చే వీలుంది.

ర్యాంప్, ఊపిరి వదిలేటప్పుడు తగ్గింపు

నిద్రపట్టే వరకు ప్రెషర్ తక్కువగా ఉంచి మెల్లగా పెంచేది ర్యాంప్. సాధారణంగా 45 నిమిషాల వరకు పెట్టుకోవచ్చు. పది నిమిషాల్లో నిద్రపోయే మనిషి 4 దగ్గర మొదలయ్యే 45 నిమిషాల ర్యాంప్ పెట్టుకుంటే, నిద్రపట్టాక అరగంటపైగా చికిత్స అరకొరే. ర్యాంప్ మొదలయ్యే ప్రెషర్‌ను కూడా మార్చుకోవచ్చన్నది చాలామందికి తెలియదు. దాన్ని 6 కో 7 కో పెంచి సమయాన్ని 15, 20 నిమిషాలకు తగ్గించండి. ఆటో ర్యాంప్ ఉంటే ఇంకా మంచిది, నిద్రపట్టినట్టు ఊపిరి తీరును బట్టి గుర్తించాకే పెంచుతుంది. కనీస ప్రెషర్ సరిగ్గా కుదిరినవాళ్లకు కొన్నాళ్లకు ర్యాంప్ అవసరమే ఉండదు.

ఎదురుగాలిలోకి ఊపిరి వదలడం కష్టంగా ఉందనేవాళ్ల కోసం రెండో సౌకర్యం ఉంది. రెస్‌మెడ్‌లో దాని పేరు ఈపీఆర్, ఫిలిప్స్‌లో ఫ్లెక్స్. రెండింటికీ 1, 2, 3 స్థాయిలే ఉన్నా పనితీరు ఒకటి కాదు. ఈపీఆర్ 3 అంటే ఊపిరి వదులుతున్నంతసేపూ ప్రెషర్ 3 సెంటీమీటర్లు తగ్గుతుంది. ఫ్లెక్స్ మీరు ఎంత జోరుగా వదులుతున్నారో దాన్ని బట్టి తగ్గించి, ఊపిరి పూర్తయ్యేలోపే మళ్లీ పాత ప్రెషర్‌కు వస్తుంది.

ఈ తేడా పట్టించుకోవాల్సిందే. గొంతు మూసుకుపోవడానికి అదను చూసేది ఊపిరి వదలడం ముగిసే ఘడియలోనే. అప్పుడు ప్రెషర్ 10 బదులు 7 ఉంటే ఊతం ఆ మేరకు తగ్గినట్టే. అందుకే ఈపీఆర్ పెట్టుకున్నాక ఆప్నియాలు పెరిగితే సాధారణంగా కనీస ప్రెషర్‌ను ఆ మేరకు పైకి జరుపుతారు. ఇంకో మెలిక ఉంది. ఏం పెట్టినా ప్రెషర్ 4 కన్నా దిగదు. కనీసం 5 ఉంచుకుని ఈపీఆర్ 3 పెట్టుకుంటే దక్కేది ఒక్క సెంటీమీటరు ఊరటే. మూడూ పూర్తిగా దక్కాలంటే కనీసం 7 ఉండాలి.

కొద్దిమందిలో ఈపీఆర్ వల్ల ఊపిరి మరీ ధారాళమై కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటకు పోతుంది. అది తగ్గితే ఊపిరి తియ్యమని మెదడు ఇచ్చే ఆదేశం కాసేపు ఆగుతుంది. ఇలా గొంతు తెరిచే ఉన్నా ఊపిరి ఆగడాన్ని సెంట్రల్ ఆప్నియా అంటారు. రిపోర్టులో అవి కొత్తగా కనిపిస్తే ఈపీఆర్‌ను 3 నుంచి 1 కి దించి చూడటం మొదటి పరీక్ష.

తేమ, ముక్కు, నోరు

నోరు తెరుచుకుంటే గాలి ముక్కులోంచి వచ్చి నోట్లోంచి పోతుంది. మామూలుగా ఊపిరి వదిలేటప్పుడు ముక్కు తన తేమను కొంత వెనక్కి తీసుకుంటుంది. ఇక్కడ గాలిది ఒకే దిక్కు ప్రయాణం, కాబట్టి ముక్కు ఎండిపోతుంది. ఎండితే లోపలి పొర వాచి దిబ్బడేస్తుంది, దిబ్బడేస్తే నోరు ఇంకా తెరుచుకుంటుంది. "సీప్యాప్ పెట్టుకుంటే జలుబు చేస్తోంది" అనేవాళ్లలో చాలామంది ఈ సుడిలో చిక్కుకున్నవాళ్లే.

వేడి తేమ ఇచ్చే హ్యూమిడిఫయర్ దీన్ని తెంచగలదు. రెస్‌మెడ్‌లో తేమ స్థాయి 1 నుంచి 8 వరకు, వేడి గొట్టం ఉంటే దాని ఉష్ణోగ్రత 16 నుంచి 30 డిగ్రీల వరకు ఉంటుంది. మధ్యలో మొదలుపెట్టి ఎండుతుంటే ఒక్కో మెట్టు పెంచాలి. గది చల్లగా ఉండి తేమ ఎక్కువైతే ఆవిరి గొట్టంలోనే నీళ్లయి గుడగుడ చప్పుడు చేస్తుంది, అర్ధరాత్రి ముఖాన చిలకరిస్తుంది. అప్పుడు గొట్టం వేడి పెంచాలి, లేదా గొట్టానికి గుడ్డ తొడుగు వేయాలి, అదీ కాకపోతే తేమ ఒక మెట్టు దించాలి. మెషిన్ తల కన్నా కింద ఉంటే గొట్టంలో పట్టిన నీళ్లు ముఖం వైపు కాకుండా వెనక్కి జారతాయి. తొట్టిలో డిస్టిల్డ్ వాటర్ పోస్తే అడుగున తెల్లటి పొర పేరుకోదు. మెషిన్‌ను జరిపేముందు తొట్టి తీసేయండి. నీళ్లతో పాటు వంచితే మోటారులోకి పోతాయి.

ముక్కుకు పడుకునేముందు సెలైన్‌తో కడగడం సులువైన ఉపాయం. అలర్జీ దిబ్బడకు డాక్టర్లు రాసే స్టెరాయిడ్ స్ప్రే పూర్తిగా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది, ఒక్కరోజు కొట్టి పనిచేయలేదనకూడదు. వెంటనే ముక్కు తెరిచే డ్రాప్స్ మాత్రం వరసగా కొద్ది రోజులకు మించి వాడితే ఆపగానే దిబ్బడ రెట్టింపై వస్తుంది. నోటికి టేపు అంటించుకునే అలవాటు ఈమధ్య బాగా పాకింది. ముక్కు ఆడనివాళ్లకు, వాంతి వచ్చే అవకాశం ఉన్నవాళ్లకు అది ప్రమాదం. దవడను పట్టి ఉంచే చిన్ స్ట్రాప్ కొందరికి పనిచేస్తుంది, అందరికీ కాదు.

పొట్టలోకి గాలి

గాలి శ్వాసనాళంలోకి బదులు అన్నవాహికలోకి జారితే తెల్లారేసరికి పొట్ట బిర్రుగా ఉంటుంది. ప్రెషర్ ఎక్కువైన కొద్దీ ఇది ఎక్కువవుతుంది. యాసిడ్ పైకి ఎగతన్నే జబ్బు ఉన్నవాళ్లలో మరీ. గరిష్ఠాన్ని ఒక సెంటీమీటరు దించడం, ఈపీఆర్ పెంచడం, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం, మంచం తలవైపు కాళ్ల కింద దిమ్మెలు పెట్టి కాస్త ఎత్తు చేయడం ప్రయత్నించాల్సినవి. దిండ్లు పేర్చి మెడ వంచుకోవడం వల్ల మాత్రం పని చెడుతుంది, ఎందుకో కింద రిపోర్టు దగ్గర చెప్పుకుందాం. ఇవేవీ పనిచేయకపోతే బైప్యాప్ గురించి డాక్టర్‌ను అడగాలి.

అలవాటు పడటం

మాస్క్ అంటేనే గుండె దడ వచ్చేవాళ్లు మొదటి రాత్రే ఏడు గంటలు పెట్టుకోవాలని పట్టుబడితే ఆ భయం ఇంకా ముదురుతుంది. పగటిపూట మొదలుపెట్టాలి. గొట్టం తగిలించకుండా మాస్క్‌ను చేత్తో ముఖానికి ఆనించి పట్టుకోండి, వద్దనిపించగానే తీసేయండి. తర్వాత మెషిన్ వేసి, అప్పటికీ చేత్తోనే పట్టుకుని, టీవీ చూస్తూ పావుగంట కూర్చోండి. ఆ తర్వాత పట్టీలు. ఆ తర్వాత మధ్యాహ్నం కునుకు. ఒక మెట్టు మీద విసుగు పుట్టేంత తేలికయ్యాకే పై మెట్టుకు వెళ్లాలి. కరెంటు పోతే ఊపిరాడదేమోననే అనుమానం చాలామందిని పీడిస్తుంది. ఫుల్ ఫేస్ మాస్కుల్లో గాలి ఆగగానే బయటి గాలికి తెరుచుకునే వాల్వ్ ఉంటుంది, ముక్కు మాస్క్ అయితే నోరు ఉండనే ఉంది.

రాత్రికి 4 గంటలు వాడితే చాలని ఒక మాట ప్రచారంలో ఉంది. అది అమెరికాలో బీమా చెల్లింపుల కోసం పెట్టుకున్న కనీస కొలత, వైద్యపరమైన లక్ష్యం కాదు. కలలు వచ్చే ఆర్‌ఈఎమ్ నిద్ర ఎక్కువగా రాత్రి చివరి మూడో వంతులో ఉంటుంది. కండరాలు బాగా సడలేదీ, ఆప్నియాలు చాలామందిలో దారుణంగా పెరిగేదీ అప్పుడే. తెల్లవారుజామున 3 గంటలకు మాస్క్ తీసి పక్కన పెట్టేవాళ్లు రాత్రిలో తేలిక భాగానికి చికిత్స చేసుకుని కష్టమైన భాగాన్ని గాలికి వదిలేస్తున్నట్టు. బాత్రూమ్‌కు లేచాక మళ్లీ పెట్టుకోబుద్ధి కావడం లేదంటే, మాస్క్ తీయకుండా గొట్టం మాత్రమే ఊడదీసుకుని వెళ్లి రండి. చాలా మాస్కులకు అందుకోసమే ముందు భాగంలో క్లిప్ ఉంటుంది.

రిపోర్టు చదవడం

మెషిన్ చూపే ఏహెచ్‌ఐ, స్లీప్ ల్యాబ్ ఇచ్చిన ఏహెచ్‌ఐ ఒకే కొలత కాదు. మీరు నిద్రపోతున్నారో మెలకువగా ఉన్నారో తెలిపే మెదడు తరంగాలు మెషిన్‌కు అందవు, ఆక్సిజన్ కూడా సాధారణంగా కొలవదు. గాలి ప్రవాహం ఒక్కటే దాని ఆధారం. పక్కకు దొర్లుతూ బిగబట్టిన ఊపిరిని కూడా ఆప్నియాగా రాసేస్తుంది. కాబట్టి ఒక రాత్రి 2.1, మరుసటి రాత్రి 4.3 వస్తే తల పట్టుకోనక్కర్లేదు. వారం సగటు 5 లోపు ఉందా, దిగుతోందా ఎక్కుతోందా అన్నదే చూడాలి.

అయితే సగటు దాచిపెట్టేవీ ఉన్నాయి. ఏడు గంటల నిద్రలో ఏహెచ్‌ఐ 3 అంటే ఆప్నియాలు, హైపోప్నియాలు కలిపి మొత్తం 21. అవి రాత్రంతా చెదురుమదురుగా ఉంటే ఏమీ కాదు. ఆ 21 కూడా 40 నిమిషాల్లో గుత్తిగా వస్తే ఆ కాసేపు మీరు తీవ్ర ఆప్నియా రోగే. ఈ గుత్తులు కనిపించాలంటే గ్రాఫ్ చూడాలి. మెషిన్‌లోని ఎస్‌డీ కార్డును చదివి గ్రాఫులు చూపే ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, చాలా మెషిన్లకు పనిచేస్తుంది.

గుత్తులు సుమారు గంటన్నరకోసారి వచ్చి తెల్లవారుజాముకు పొడవవుతుంటే ఆర్‌ఈఎమ్‌ను అనుమానించాలి, కనీస ప్రెషర్ కొద్దిగా పెంచితే తగ్గవచ్చు. వెల్లకిలా పడుకున్నప్పుడే వస్తుంటే పక్కకు పడుకునే ఏర్పాటు చేసుకోవాలి. ఒకదాని వెంట ఒకటి తోరణంలా వస్తూ, మెషిన్ ప్రెషర్ పెంచినా చలించకపోతే గడ్డం ఛాతీ మీదికి వంగి గొంతు మడత పడుతోందేమో చూడండి. గాలి ఎంత పోసినా ఆ మడత తెరుచుకోదు. అక్కడ కావలసింది ప్రెషర్ పెంచడం కాదు, దిండు ఎత్తు తగ్గించడం. దిండు మారినా పోకపోతే మెత్తటి మెడ కాలర్ కొందరికి పనిచేస్తుంది.

ఊపిరి ఆగినప్పుడు గొంతు మూసుకుందా, తెరిచే ఉందా అని మెషిన్ చిన్నపాటి గాలి కదలికలు పంపి పరీక్షిస్తుంది. మూసుకుంటే అబ్‌స్ట్రక్టివ్, తెరిచి ఉంటే రెస్‌మెడ్ దాన్ని క్లియర్ ఎయిర్‌వే అని రాస్తుంది, సెంట్రల్ ఆప్నియా అన్నమాట. సీప్యాప్ మొదలుపెట్టాక కొందరిలో ఇవి కొత్తగా పుడతాయి, ఎక్కువమందిలో వారాల నుంచి నెలల్లో వాటంతటవే సర్దుకుంటాయి. వీటికి ప్రెషర్ పెంచడం విరుగుడు కాదు, ఇంకా ఎక్కువ కావచ్చు. తగ్గకుండా కొనసాగితే ఏఎస్‌వీ అనే వేరే రకం మెషిన్ ఉంది. కానీ 2015లో వెలువడ్డ సర్వ్-హెచ్‌ఎఫ్ అధ్యయనంలో, ముఖ్యంగా సెంట్రల్ ఆప్నియా ఉండి గుండె పంపింగ్ సామర్థ్యం 45 శాతమో అంతకన్నా తక్కువో ఉన్న హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో ఏఎస్‌వీ వాడినవాళ్లలో గుండె సంబంధ మరణాలు పెరిగాయి. అందుకే అది పెట్టేముందు గుండెకు ఎకో తీస్తారు.

ఏహెచ్‌ఐ 2 లోపే ఉంది, లీక్ లేదు, ఏడు గంటలు వాడుతున్నారు, అయినా పగలు మత్తు. అప్పుడు గ్రాఫ్‌లో ఫ్లో లిమిటేషన్ చూడాలి. గొంతు మూసుకోకపోయినా ఇరుకుగా ఉండి, ఊపిరి కోసం చేసే ప్రయాసతోనే నిద్ర చెదురుతుంటుంది. ఇది ఏహెచ్‌ఐ లెక్కలోకి రాదు. కనీస ప్రెషర్ పెంచడం, ఈపీఆర్ వాడటం ఇక్కడ ఉపయోగపడతాయి. అదీ లేకపోతే థైరాయిడ్, రక్తహీనత, డిప్రెషన్, వాడుతున్న మందులు, అసలు నిద్ర గంటలే చాలకపోవడం, వీటిని వెతకాలి. నిద్రమాత్రలు, మద్యం గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి. అవి తీసుకున్న రాత్రి గ్రాఫ్ వేరుగా ఉంటే ఆశ్చర్యం లేదు.

శుభ్రం గురించి పెద్దగా చెప్పేది లేదు. కుషన్‌ను రోజూ సాధారణ సబ్బునీళ్లతో కడగాలి, ముఖం జిడ్డు పేరుకుంటే పట్టు పోతుంది. తొట్టిలో నిన్నటి నీళ్లు పారబోసి కొత్తవి పోయాలి. గొట్టం వారానికోసారి కడిగితే చాలు. ఓజోన్‌తో శుభ్రం చేసే పెట్టెలు మాత్రం వద్దు. 2021 జూన్‌లో ఫిలిప్స్ తన మెషిన్లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచింది. లోపల చప్పుడు తగ్గించే ఫోమ్ పొడిపొడిగా రాలడం అందుకు కారణం, ఓజోన్ ఆ రాలుడును పెంచుతుందని కంపెనీయే చెప్పింది.

ఒకసారి కుదిరిన ప్రెషర్ జీవితాంతం ఉండేది కాదు. బరువు పదో వంతు మేర తగ్గినా పెరిగినా, ముక్కుకో గొంతుకో ఆపరేషన్ జరిగినా, గురక మాస్క్‌లోంచి మళ్లీ వినపడుతున్నా రిపోర్టు తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. బాగా సన్నబడ్డవాళ్లలో కొందరికి పాత ప్రెషర్ ఎక్కువై, మాస్క్ ఊరికే కారడం, పొట్ట ఉబ్బడం కొత్తగా మొదలవుతాయి. వాళ్లకు కొత్త మాస్క్ కన్నా ముందు ప్రెషర్ తగ్గించి చూడటం మంచిది.